పావురమై వచ్చిన పీరు, కరెంటు బిల్లు కట్టుకున్న భక్తులు

ఖొరాసాన్ (నేటి ఇరాన్ వైపు ప్రాంతం) నుంచి అనటోలియాకు, అంటే నేటి టర్కీకి, సూఫీ సాధువు హాజీ బెక్తాష్ వలీ పావురమై ఎగిరొచ్చాడంటారు. కొత్తవాడు రావడం గిట్టని అక్కడి దర్వేషుల్లో (సూఫీ విరాగుల్లో) ఒకడు డేగై మీదికి దూకాడు. బెక్తాష్ చటుక్కున మనిషై దాని గొంతు పట్టుకున్నాడు, కానీ చంపలేదు. పావురం కంటే సాధువైన ప్రాణి ఉంటే ఆ రూపంలోనే వచ్చేవాణ్ణి అన్నాడట. ఇంకో కథలో ఒక సాధువు పామును కొరడాగా పట్టుకుని సింహమెక్కి వస్తే, ఈయన గోడనెక్కి దాన్ని నడిపిస్తూ ఎదురెళ్లాడు. మన జ్ఞానేశ్వరుడు గోడనెక్కి చాంగదేవుడికి ఎదురెళ్లిన కథ విన్నవాళ్లకు ఇది చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

13వ శతాబ్దపు ఈ పీరును టర్కీ ప్రభుత్వం సహనానికి గుర్తుగా చూపిస్తుంది. ఆయన్ను కొలిచే అలెవీలకు, అంటే టర్కీలోని ఒక మైనారిటీ మతవర్గానికి మాత్రం ఆ సహనం దక్కలేదన్నదే నా బాధ.

1826లో ఒట్టోమన్ సుల్తాన్ రెండో మహమూద్ తన జానిసరీ కాల్బలాన్ని రద్దు చేసినప్పుడు, వాళ్లతో అనుబంధం ఉన్న బెక్తాషీ (హాజీ బెక్తాష్ పేరిట నడిచే) మఠాలూ మూతపడ్డాయి. 1925లో టర్కీ రిపబ్లిక్ దర్వేషుల మఠాలన్నిటినీ మూసేసింది. హాజీబెక్తాష్ పట్టణంలోని మూలమఠం 1964లో మ్యూజియంగా తెరుచుకుంది.

అలెవీల ఆరాధనను ‘జెమ్’ అంటారు. ఆడా మగా ఒకే గదిలో కూర్చుంటారు. ‘దెదె’ అనే పెద్ద ముందుగా అడిగేది, మీలో ఎవరికైనా ఎవరితోనైనా గొడవ ఉందా అని. ఉంటే అది తేలాలి, ఇద్దరూ రాజీపడాలి. ఆ తర్వాతే సాజ్ వాద్యం మీద పాట, సెమాహ్ నృత్యం. పొరుగువాడి గుండె రగులుతుంటే దేవుడి ముందు కూర్చోవడమేంటి అన్న ఈ పట్టింపు నాకు ఏ తత్వగ్రంథం కంటే గొప్పగా తోస్తుంది.

అలాంటి వాళ్లకు దక్కిందేమిటి? 1993 జూలై 2న సివాస్‌లో, అలెవీ కవి పీర్ సుల్తాన్ అబ్దాల్ పేరిట జరిగిన ఉత్సవానికి వచ్చినవాళ్లున్న మదీమాక్ హోటల్‌ను ఒక మూక తగలబెట్టింది. అతిథులు 33 మంది, హోటల్ సిబ్బంది ఇద్దరు చనిపోయారు.

ఇక రోజువారీ వివక్ష. మసీదుల కరెంటు ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. అలెవీల ‘జెమెవి’ (జెమ్ జరుపుకునే ఇల్లు) ప్రార్థనాస్థలం కాదు కాబట్టి బిల్లు మీరే కట్టుకోండి అంది. ఇది వివక్షేనని యూరప్ మానవ హక్కుల కోర్టు 2014లో తేల్చింది. 2022లో జెమెవిల కోసం ఒక ప్రత్యేక విభాగం పెట్టారు, అదీ సాంస్కృతిక శాఖ కింద. వాళ్లు అడిగింది తమ ప్రార్థనను ప్రార్థనగా ఒప్పుకోమని.

ఏటా ఆగస్టు 16న వేలమంది హాజీబెక్తాష్‌లోని ఆ మూలమఠానికి వస్తారు. ప్రభుత్వ లెక్కలో అది మ్యూజియం. వాళ్లు మాత్రం గడప తొక్కరు, వంగి ముద్దు పెట్టుకుని లోపలికి వెళ్తారు.