లోపల ఏమైనా మిగిలిందా అన్నది చూడాల్సింది ఎవరు?

కడుపు పోయినప్పుడు డీ అండ్ సీ చేసో (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం), సక్షన్ పెట్టి లాగేసో, మాత్రలిచ్చో ఇంటికి పంపించేస్తారు, ఆస్పత్రి లెక్కలో కేసు అక్కడితో అయిపోయినట్టే. ఆమెకి మాత్రం అవ్వదు. రోజులు గడుస్తున్నా బ్లీడింగ్ ఆగదు, పొత్తికడుపులో నొప్పి పోదు, ఇంట్లో వాళ్ళేమో అలాగే ఉంటుందిలే అంటారు. గర్భసంచిలో మాయ ముక్క ఏదైనా మిగిలిపోయి ఉంటే దాన్ని కనిపెట్టే బాధ్యత ఆమె మీదే పడేస్తున్నాం, అసలు గొడవ ఇదే అని మా అభిప్రాయం.

నిజానికి చూడ్డం టేబుల్ దగ్గరే మొదలవ్వాలి. బయటికి తీసిన దాన్ని కడిగి, గాజు పళ్ళెంలో నీళ్ళు పోసి కింద నుంచి లైట్ వేసి చూస్తే మాయ పోగులు తెల్లగా విచ్చుకుని తేలుతూ కనిపిస్తాయి, నిమిషాల పని, ఖర్చు కూడా లేదు. అవి కనిపించలేదంటే గర్భం ఇంకా లోపలే ఉండొచ్చు, లేదా అసలు గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉండొచ్చు, అది ప్రాణం మీదకి వచ్చే సంగతి. ల్యాబ్‌కి పంపితే ముత్యాల గర్భం (మాయ అసహజంగా నీటి బుడగల్లా పెరగడం) లాంటివి కూడా బయటపడతాయి.

మాత్రలతో అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2018లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో మిసోప్రోస్టాల్ మాత్ర ఒక్కటే ఇస్తే మొదటి డోసుకి సుమారు 67 శాతం మందిలోనే పిండం సంచి బయటికొచ్చింది, దానికి ముందు మిఫెప్రిస్టోన్ అనే మరో మాత్ర కూడా ఇస్తే 84 శాతం. అంటే మిగతావాళ్ళు మళ్ళీ రావాల్సిందే, ఆ మాట వాళ్ళకి ముందే చెప్పాలి కదా.

ఇక స్కానింగ్. గర్భసంచి లోపలి పొర మందం 15 మిల్లీమీటర్లు అని రిపోర్ట్‌లో పడితే చాలు, మళ్ళీ క్లీన్ చేద్దాం అనేస్తున్నారు కొందరు, కానీ గడ్డకట్టిన రక్తం కూడా అలాగే కనిపిస్తుంది, ఇంత మందం దాటితే ముక్క ఉన్నట్టే అని తేల్చే నంబర్ ఏదీ లేదు. డాప్లర్‌లో (రక్తం పారడాన్ని చూపించే స్కాన్) లోపల కనిపించే ముద్దకి రక్తప్రసారం ఉంటే ముక్క మిగిలిందన్న అనుమానం బలపడుతుంది, కనిపించకపోతే మాత్రం ఏమీ లేదని కాదు. యూరిన్ టెస్ట్ సంగతీ అంతే, అంతా బయటికొచ్చేసినా కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపించొచ్చు, రక్తంలో హెచ్‌సీజీ (గర్భం హార్మోన్) తగ్గుతోందా లేదా అన్నదే చూడాలి. బ్లీడింగ్, నొప్పి, జ్వరం ఏమీ లేని మనిషిని మందం ఒక్కటి చూసి మళ్ళీ టేబుల్ ఎక్కించడం మాకు అస్సలు నచ్చని పద్ధతి.

ఎందుకంటే రెండోసారి గీకితే గర్భసంచి గోడలు అతుక్కుపోయే ప్రమాదం ఉంది, అషర్‌మాన్ సిండ్రోమ్ అంటారు, నెలసరి తగ్గిపోవచ్చు, మళ్ళీ గర్భం రావడమే కష్టం కావచ్చు. పదునైన క్యూరెట్ (గీకే పరికరం) బదులు సక్షన్ వాడమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పి చాలా ఏళ్ళయింది (ఇంకా గీకేవాళ్ళు గీకుతూనే ఉన్నారు, అది వేరే కథ). నిజంగా తీయాల్సి వస్తే, సదుపాయం ఉన్న చోట హిస్టరోస్కోప్‌తో (గర్భసంచిలోకి పంపే సన్నటి కెమెరా గొట్టం) కళ్ళారా చూస్తూ ఆ ముక్క వరకే తీయొచ్చు.

డిశ్చార్జ్ కాగితం మీద మూడు సంగతులు రాయాలని మేం అడుగుతున్నాం: తీసిన దాంట్లో ఏం కనిపించిందో, ఏమైతే వెంటనే రావాలో (వరసగా రెండు గంటల పాటు గంటకి రెండేసి ప్యాడ్లు పూర్తిగా తడిసినా, జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా, కళ్ళు తిరిగినా), అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తే నంబర్ ఏదో.