సగం కాలిన తెప్ప

బెలిసారియస్‌కి అన్యాయం జరిగిందని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకి లోకంలో కొదవ లేదు. ఆరో శతాబ్దంలో తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని ఏలిన జస్టీనియన్ చక్రవర్తి తన సేనాపతి అయిన ఆయన కళ్లు పీకించాడట, పాపం ముసలితనంలో అడుక్కుతిన్నాడట! 1781లో దావీద్ అనే ఫ్రెంచి చిత్రకారుడు ఆ ముష్టిని బొమ్మ గీసి మరీ పెట్టాడు. శుద్ధ అబద్ధం. ఏలినవారికి ఉన్న సుగుణాలు చాలవా, లేనివి కూడా అంటగట్టాలా?

రొట్టెల సంగతే చూడండి. 533లో ఉత్తర ఆఫ్రికాని ఏలే వాండల్ జాతి మీదికి 15 వేలమందిని ఓడలెక్కించారు. ఓడ రొట్టె నిలవుండాలంటే రెండుసార్లు కాల్చాలి. కాలిస్తే పావువంతు తూకం పోతుంది. ఖజానా చూసే కప్పడోకియా జాన్‌కి అది దుబారాగా తోచింది. పిండిని ఊరి స్నానశాలకి మోయించి, నీళ్లు కాగే పొయ్యి మీదే కానిచ్చాడు. కాలినట్టు కనబడగానే సంచుల్లోకి తోశారు. గ్రీసులోని మెథోని రేవు చేరేసరికి రొట్టె మళ్లీ పిండై, కుళ్లి కంపు కొట్టింది. అది తిని 500 మంది పోయారు. పోతే పోయారు, కట్టెలు మిగిలాయి! జాన్‌కి అప్పట్లో ఏ శిక్షా పడలేదు.

ఆ తిండితో వెళ్లి కూడా బెలిసారియస్ గెలిచాడు. వాండల్ రాజధాని కార్తేజిలో వాళ్ల రాజు కోసం వండిన భోజనం తాను కూచుని తిన్నాడు. తప్పంతా ఇక్కడే ఉంది. ఓడితే ఊరుకునేవారేమో. 540లో ఇటలీలోని రావెన్నాలో, అక్కడ ఏలుతున్న గోత్ జాతివాళ్లు ఏకంగా కిరీటమే ఇస్తామన్నారు. సరేనన్నట్టు నటించి, ఊరు పట్టుకుని, వాళ్ల రాజుని తెచ్చి ఏలినవారికి అప్పగించాడు. ఇంత విశ్వాసం చూస్తే ఎవరికైనా అనుమానం రాదూ?

542లో కొలువు ఊడింది. ఆయన సొంత భటుల్ని కొలువులోని అధికారులూ, అంతఃపుర నపుంసకులూ చీట్లు వేసుకుని పంచుకున్నారని, ఒకప్పుడు ఆయన దగ్గరే పనిచేసిన ప్రొకోపియస్ రాసిపెట్టాడు. తర్వాత మళ్లీ ఇటలీకి పంపారు. యుద్ధానికి డబ్బడగనని మాట కూడా ఇచ్చాడట.

ఏరు దాటాక తెప్ప తగలేయడం మూర్ఖుల పని. ఏలినవారు సగమే కాల్చి అటక మీద పెట్టారు. 559లో హూణులు రాజధాని ముంగిటికొస్తే అది దింపారు. పాత సైనికులు 300 మందీ, వెనక కేకలు పెట్టడానికి పల్లెటూరి రైతులూ. హూణులు వెనక్కి తగ్గారు. తెప్ప అటకెక్కింది. 562లో కుట్ర నేరం మోపి మరోసారి సెగ చూపించారు, మరుసటి ఏడు హోదా తిరిగిచ్చారు.

565 మార్చిలో బెలిసారియస్ పోయాడు. ఆస్తి రాజుగారి పద్దులో చేరింది. నవంబరులో ఏలినవారికే ఏరు దాటాల్సి వచ్చింది. తెప్ప ముందే వెళ్లిపోయింది.