కరువు వేసిన స్టేషన్లు

పల్లెల్లోని చిన్న స్టేషన్లలో టికెట్లు అమ్ముడుపోవడం లేదు కాబట్టి అవి అక్కర్లేదని రైల్వే వాళ్లు అంటున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రాయలసీమలో ఆ మాట అనేముందు ఇక్కడికి రైలు ఎందుకొచ్చిందో గుర్తు చేసుకోవాలి.

1876-78 నాటి ధాత కరువుకు ముందే, 1871లో మద్రాసు–రాయచూరు లైను పూర్తయింది. కడప, గుత్తి, ఆదోని మీదుగా రైలు నడుస్తోంది. అయినా జనం ఆకలితో చచ్చారు. స్టేషన్‌లో దిగిన గింజల బస్తా ఊరు చేరాలంటే ఎద్దుల బండి కావాలి. మేత లేక ఎద్దులు ముందే పోయాయి. పట్టాలకు దూరంగా ఉన్న పల్లెలకు రైలు ఉన్నా లేనట్టే అయింది. అదే రైలు ధర ఎక్కువ పలికే చోటికి గింజలను తరలించుకుపోయిందన్న విమర్శ కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. 1880లో కరువు కమిషన్ దేశానికి 20,000 మైళ్ల రైలు మార్గం కావాలని, అందులో 5,000 మైళ్లు వెంటనే వేయాలని చెప్పింది. గుంతకల్లు నుంచి డోన్, నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడ వైపు సాగిన మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు వెడల్పు) లైను ఆ ఆలోచనలోంచి వచ్చిందే. అంటే ఈ దారిలోని చిన్న స్టేషన్లను లాభం చూసుకుని కట్టలేదు. ఊరికీ గింజకూ మధ్య దూరం తగ్గించడానికి కట్టారు.

1992లో దేశమంతా ఒకే గేజ్, అంటే వెడల్పాటి బ్రాడ్ గేజ్ అన్నారు. మంచి నిర్ణయమే, మీటర్ గేజ్ మీద బెంగ పెట్టుకుని కూర్చోలేం. అయితే నల్లమలలో కొత్త దారి వేశాక దొరబావి దగ్గర పాత వంతెనను అడవికి వదిలేశారు. అట్ట టికెట్టు మీద టకీమని తేదీ కొట్టే మిషను, గంటగా వేలాడదీసిన పట్టా ముక్క, ముందుకు పోవచ్చన్న అనుమతిగా డ్రైవరు చేతికి అందించే టోకెన్... ఇవన్నీ తెలిసినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయిపోయారు. వాళ్లను కూర్చోబెట్టి ఆ సంగతులు రాసుకోవడానికి పెద్ద బడ్జెట్టేమీ అక్కర్లేదు.

మా అసలు అభ్యంతరం లెక్క కట్టే తీరు మీద. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ప్యాసింజర్ రైళ్లు ఆగాయి. తిరిగి మొదలైనప్పుడు చాలావాటికి ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. 10 రూపాయల కనీస చార్జీ 30 అయింది, చిన్న ఊళ్లలో స్టాపులు పోయాయి. చార్జీ 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దిగింది. స్టాపులు మాత్రం అన్ని ఊళ్లకూ తిరిగి రాలేదు. రైలు ఆగదు కాబట్టి జనం ఆటో కట్టించుకుని పెద్ద స్టేషన్‌కు పోతారు. వాళ్ల టికెట్ అక్కడి ఖాతాలో పడుతుంది. చిన్న స్టేషన్ పేరు ఎదురుగా సున్నా కనబడుతుంది. ఆ సున్నా చూపించే తాళం వేస్తారు. బావికి మూతేసి నీళ్లెవరూ తోడుకోవడం లేదన్నట్టుంది ఈ వ్యవహారం.

కర్నూలు పడమటి మండలాల్లో మరో చిక్కుంది. కోసిగి, ఆదోని వైపు పల్లెల జనం మిరప కోతలకు గుంటూరు దాకా సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోతారు. సగం ఊరు ఖాళీగా ఉన్న నెలలో తలలు లెక్కబెడితే ఏం తేలుతుంది?

2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద ఒకేరోజు 508 స్టేషన్ల ఆధునికీకరణకు శంకుస్థాపన చేశారు. చేయనివ్వండి, పెద్ద స్టేషన్లలో లిఫ్టులూ కావాల్సిందే. పల్లె స్టేషన్ అడిగేది రోజుకు ఒక రైలు, ఒక నిమిషం. రద్దయిన స్టాపుల జాబితాను రైల్వే అధికారులు ముందు ఆయా పంచాయతీల నోటీసు బోర్డుల మీద పెట్టాలి. ఆరు నెలలు రైలు ఆపి చూడాలి. జనం సుగ్గికి బయలుదేరే రోజులు, ఉగాదికి ఇంటికి తిరిగొచ్చే రోజులు ఆ ఆరు నెలల్లో ఉండాలి. టికెట్ల లెక్క ఆ తర్వాత తీయమనండి.