ఆఫ్ క్యాప్!

సోమవారం పొద్దున్న జరిగింది. ఇవాళ గురువారం. సెల్లార్లోకి దిగాలంటే నాకింకా కాళ్లు ఆడటం లేదు.

సంగతి గబగబా చెప్పేస్తాను. నేవీలో 24 ఏళ్లు చేసి చీఫ్ పెట్టీ ఆఫీసరుగా రిటైరయ్యాను. పెన్షనొస్తుంది గానీ పొద్దు పోదు. నేనింట్లో ఉంటే మా ఆవిడకి అసలే పోదు. అందుకని విశాఖ ఎంవీపీ కాలనీలో ఓ అపార్టుమెంటుకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. ఓడలో నా చేతికింద నలభై మంది, ఇక్కడ నలుగురు. పోయింది సున్నాయే కదా అని సరిపెట్టుకున్నాను.

ఆ నలుగురిలో చిన్నవాడు సిక్కోలు కుర్రాడు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు పరిగెత్తి నెగ్గాడు. మెడికల్లో పోయాడు, పళ్ల దగ్గర. ఫౌజులో పళ్లకి కూడా మార్కులుంటాయి, 14 డెంటల్ పాయింట్లు రావాలి. వీడి పళ్లని ఫౌజుకన్నా ముందే చెరుకుగెడలు తీసుకుపోయాయి. అయినా నేవీ అంటే పిచ్చి. ఏజెన్సీ వాళ్లిచ్చిన ప్లాస్టిక్ విజిల్ రెండోరోజే మూగబోతే, చూడలేక నా బోసన్ పైపు, అంటే ఓడలో ఆర్డర్లు ఊదే ఈల, ఇచ్చాను. దాని భాగాల్లో గన్నేది, బోయ్ ఏది, కీల్ ఏది, షాకిల్ ఏది అని నేర్పాను. ఎత్తు స్వరం ఎనిమిది సెకన్లు పడితే ‘స్టిల్’, అంటే ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడాలని. ‘క్యారీ ఆన్’ ఊదితే మళ్లీ ఎవరి పని వాళ్లది. వారంలో పట్టేశాడు. ఇక్కడ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

ఆదివారం సాయంత్రం, రాత్రి డ్యూటీకి ఇంకా మూడు గంటలుండగా, వాడు యూనిఫారంలోనే ఆర్కే బీచికి వెళ్లాడు. సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా రోడ్డువార నిలబడి, సరదాకి ‘స్టిల్’ ఊదాడు. కార్లు ఆగాయి. ఐస్‌క్రీము తింటున్న ఇద్దరు టీషర్టుల వాళ్లు అటెన్షన్లోకి వెళ్లిపోయారట. విశాఖలో అంతే, ఏ టీషర్టు కింద ఏ సెయిలరున్నాడో చెప్పలేం. ఆగిన కార్లని వాడు నీటుగా పక్కకి పెట్టించాడు. ఒకాయన దిగి ఇరవై రూపాయలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అది చూసి వెనకాయనా ఇచ్చాడు. పదకొండు కార్లయ్యాయి. పన్నెండో కారాయన మాత్రం, “రసీదేదీ?” అన్నాడు.

పన్నెండో కారాయన మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు.

బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, రసీదు లేకుండా రూపాయి కదలనివ్వడు. రోజుకి రెండుసార్లు తన కారుకి గేటు తీసే కుర్రాడి మొహం మాత్రం ఆయన ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. కుర్రాడు గుర్తుపట్టాడు, భయపడ్డాడు, జేబులో ఉన్న అపార్టుమెంటు విజిటర్ స్లిప్పుల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చాడు. ఇంటికెళ్లి కళ్లజోడు పెట్టుకున్నాక ఆ కాగితం మీద తన అపార్టుమెంటు పేరే చదువుకున్నారు ప్రెసిడెంటు గారు.

రాత్రి ఫోను. “ఏయ్ సెక్యూరిటీ, రేపట్నించి వాడు కనబడకూడదు.”

నాకు పేరుంది. చీఫ్ అనే హోదా ఉంది. అయినా ఏడు నెలలుగా ‘ఏయ్ సెక్యూరిటీ’నే. ఆ మాట దగ్గరే నాకు ఎక్కడో కాలింది. “అలా కుదరదండీ, విచారణ జరగాలి” అనేశాను.

అనడానికి కారణం ఉంది. నేవీలో మనిషి లిబర్టీకి, అంటే కాసేపు ఊళ్లో తిరగడానికి, గేటు దాటినా, నెల్లాళ్ల సెలవు పెట్టి అత్తారింట్లో అరిసెలు తింటున్నా, 1957 నేవీ చట్టం వాడి వెనకే వచ్చి అరుగుమీద కూర్చుంటుంది. డ్యూటీ దిగాను కదా అంటే వినదు. అందులో 74వ సెక్షనని ఒకటుంది. మంచి నడతకీ నౌకా క్రమశిక్షణకీ భంగం అని. ఇంకే సెక్షన్లోనూ ఇమడని వెధవపనులన్నీ అందులో పడతాయి. అయితే ఎంత వెధవపని చేసినా మనిషిని ఫోన్లో తీసెయ్యరు. ఆఫీసర్ ఆఫ్ ది డే ముందు నిలబెట్టి అడుగుతారు. అక్కడ తేలకపోతే ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, ఆపైన కమాండింగ్ ఆఫీసరు టేబుల్. అన్నిటికన్నా ముఖ్యం, వాడి బాగోగులు చూసే డివిజనల్ ఆఫీసరు పక్కన నిలబడి వాడి తరఫున ఒక మంచిమాట చెప్పాలి. ఒకసారి మా వాడొకడు జగదాంబ దగ్గర ఆటో అతనితో పది రూపాయలకి పేచీ పడి, ఓడకి నలభై నిమిషాలు ఏడ్రిఫ్ట్ అయ్యాడు, అంటే సెలవు గడువు దాటి వచ్చాడు. మా డివిజనల్ ఆఫీసరుకి చెప్పడానికి ఏ మంచీ దొరకలేదు పాపం. “సార్, ఇతను చపాతీలు గుండ్రంగా చేస్తాడు” అన్నాడు. వారం లీవు కోతతో పోయింది.

అంచేత సోమవారం పొద్దున్న ఏడింటికి, వాడి డ్యూటీ దిగగానే, సెల్లార్లో టేబుల్, అంటే విచారణ, పెట్టాను.

ఏడింటికి పెట్టడం రెండో తప్పు.

టేబుల్ అంటే టేబుల్ లేదు. ఇస్త్రీ అతని బల్ల అడిగాను. మీద దుప్పటి మడత పరిచి ఉంది, చూడ్డానికి కాస్త కోర్టు కళ ఉందనిపించింది. బొగ్గుల పెట్టె పక్కకి జరిపి నా టోపీ సర్దుకుని నిలబడ్డాను. ఎస్కార్టుగా మా గార్డుల్లో భీమిలి పెద్దాయన్ని పెట్టాను. ఆయనకి మోకాళ్ల నొప్పులు, కుర్చీలో కూర్చుని ఎస్కార్ట్ చేశాడు. ఆర్డరిచ్చే రెగ్యులేటింగ్ స్టాఫ్ లేరు కాబట్టి ఆర్డరూ నేనే, విచారణా నేనే, వాడి తరఫున మంచిమాటా నేనే.

ముద్దాయి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. మొదటి ఆర్డరు, “ఆఫ్ క్యాప్!”

దీని గురించి కాస్త చెప్పాలి. నేరం మోపినవాడు టేబుల్ ముందు టోపీ తీసేయాలి. ఎందుకూ అని కుర్రతనంలో మా చీఫ్‌ని అడిగితే, “టోపీ తీసి ఆఫీసరు మొహాన కొట్టకుండా” అన్నాడు. నిజమో ఆయన కడుపులో మాటో తెలీదు. టోపీ లేనివాడు నేవీలో సెల్యూట్ కూడా చెయ్యకూడదు. టోపీ పోతే మనిషి సగమే అన్నమాట. ఆ సగం మనిషిని చేసే ఆర్డరు కాబట్టి గట్టిగా ఇవ్వాలి. నా గొంతు ఓడ వెనక డెక్కు మీద, గాలిలో, ఇంజిన్ మోతలో, చివరి వరసలో వాడికి వినపడేలా తయారైన గొంతు. మా సెల్లారు ఎత్తు ఏడడుగులు. స్తంభాలు ఇరవై నాలుగు. నేను అరిచింది ఒకసారే. సెల్లారు నాలుగుసార్లు అరిచింది.

టోపీలు తీసేశారు.

బీచి నడక నుంచి వచ్చి లిఫ్టు కోసం నిలబడ్డ మూడో అంతస్తు మాస్టారు మంకీ క్యాపు తీసేశారు. అది ఒక్క లాగులో వచ్చేది కాదు, గడ్డం దగ్గర పట్టుకుంది, కళ్లజోడుతో సహా ఊడింది. పార్సిల్ తెచ్చిన కుర్రాడు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. నీళ్ల ట్యాంకరు క్లీనరు తలకి చుట్టిన తువ్వాలు విప్పి, గోడవారగా నిలబడ్డాడు. స్కూలు బస్సుకి దిగిన రెండో క్లాసు పిల్ల టోపీ తీసి, దాంతో ఆగక బ్యాగూ దించి, బూట్లు కూడా విప్పబోయింది. ఇస్త్రీ అతనికి టోపీ లేదు, చెవిమీది బీడీ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆఖరికి కుర్చీలో ఉన్న ఎస్కార్టు కూడా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

ముద్దాయి ఒక్కడే కదల్లేదు. కదలడానికి వాడి తలమీద టోపీ లేదు.

“టోపీ ఏదిరా?”

“గాలికి ఎగిరిపోనాది సార్. సబ్‌మెరైన్ కంచె లోపల పడిపోనాది. టికెట్టు కొంతే గానీ లోనకి రానీనన్నారు.”

ఆ సబ్‌మెరైన్, కుర్సురా, 1969లో నేవీలోకి వచ్చి, 31 ఏళ్లు నీళ్లకిందా పైనా తిరిగి, 2001లో రిటైరై, 2002 నుంచి ఇసుకలో కూర్చుంది. రిటైరయ్యాక కూడా దాన్ని చూడ్డానికి జనం టికెట్లు కొంటున్నారు. నాకు ఏయ్ సెక్యూరిటీ. సరే, అది వేరే కథ.

ఇక్కడ ఎవడైనా బుద్ధున్నవాడు, పోనీలే అని ముందుకి పోతాడు. నేను పోలేదు. తీయడానికి టోపీ లేకుండా విచారణ ఎలా మొదలవుతుంది? ఎస్కార్టు మోకాలి మీది టోపీ తీసి ముద్దాయికి పెట్టాను. అది వాడికి కళ్ల దాకా దిగింది. ఈలోగా నేను ఊరుకున్నాను కదా అని అందరూ మళ్లీ పెట్టుకున్నారు. మాస్టారైతే మంకీ క్యాపు సగంలో ఉన్నారు, నోరు కనబడుతోంది, కళ్లు లేవు.

“ఆఫ్ క్యాప్!”

మళ్లీ అందరూ తీశారు. ఈసారి ముద్దాయి కూడా.

సరిగ్గా అప్పుడే లిఫ్టు తలుపు తెరుచుకుంది. ప్రెసిడెంటు గారు బయటికొచ్చి చూశారు. టోపీల్లేని తలలతో పదిమంది, తలలు వంచుకుని, నిశ్శబ్దంగా, దుప్పటి కప్పిన బల్ల చుట్టూ. బల్ల మీంచి సన్నగా పొగ.

“ఎవరు పోయారు?” అన్నారాయన నెమ్మదిగా.

నేను నోరు తెరిచేలోపు ఆ ప్రశ్న లిఫ్టుతో పాటు పైకి వెళ్లిపోయింది. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో మొదటి ‘ఓం శాంతి’ 7:16కి పడింది. దండం బొమ్మలతో కలిపి మొత్తం 18 ఓం శాంతులు. పోయిందెవరు అని అడిగింది పందొమ్మిదో మెసేజీలో. దానికి జవాబుగా ఎవరో ‘సెక్యూరిటీ పెద్దాయనట’ అని పెట్టారు. ఆ పెద్దాయన భీమిలాయనో నేనో రాయలేదు. మా ఇద్దరికీ కలిపే ఇంకో ఆరు వచ్చాయి. లిఫ్టు పని చెయ్యడం లేదని నెల క్రితం పెడితే ఈ గ్రూపులో ఒక్కడు పలకలేదు.

పొగ ఇస్త్రీపెట్టె నుంచి. నేను జరిపింది దుప్పటి మీదికే.

నిప్పు ఆర్పాక విచారణ నడిచింది, నడిచిందంటే. ముందు యూనిఫారం సంగతి అడిగాను. డ్యూటీ లేని వేళ అది వేసుకుని ఎందుకు తిరిగావని.

“మరేటి ఏసుకోమంతారు సార్? ఉతికిన జత ఆర్లేదు. డాబా మీద గార్డుల బట్టలు ఆరెయ్యకూడదని నోటీసు అతికించినారు గదా.”

నోటీసు కింద సంతకం ప్రెసిడెంటు గారిది. ఆయన స్తంభంకేసి చూశారు.

అసలు ఆ యూనిఫారం గురించి ఎవరైనా మాట్లాడితే బాగుణ్ణు. ప్రైవేటు సెక్యూరిటీ గార్డు వేషం ఆర్మీ, నేవీ, పోలీసు వేషంలా కనబడకూడదని 2005 చట్టంలో ఉంది. మా ఏజెన్సీ ఇచ్చిన చొక్కాకి భుజాలమీద ఉన్న జరీ నేను 24 ఏళ్లలో ఏ అడ్మిరల్ మీదా చూడలేదు. జనం ఇరవై రూపాయలు తీసిచ్చింది ఆ జరీకే. కేంద్రం పెట్టిన మోడల్ రూల్స్ ప్రకారం గార్డుకి వంద గంటలు క్లాసు, అరవై గంటలు ఫీల్డు శిక్షణ ఇవ్వాలి. వీడికి ఇచ్చింది ఒక టోపీ, ఒక మూగ విజిల్, జీతంలో యూనిఫారం కోత. ఇది నేను టేబుల్ దగ్గర అందామనుకున్నాను, వాడి తరఫున మంచిమాటగా. గొంతు కూడా సవరించుకున్నాను.

ప్రెసిడెంటు గారు చొక్కాజేబులోంచి ఆ స్లిప్పు తీసి బల్లమీద, కాలని చోట పెట్టారు. ‘విజిటర్: కారు. ఫ్లాట్ నంబరు: బీచ్. పని: పార్కింగ్, 20’. రాత గార్డుది. కింద సంతకం, రబ్బరు స్టాంపుతో సహా, నాది.

“ఇది ఎవరిదండీ?” అన్నారు. మొదటిసారి ‘అండీ’ అన్నారు.

“సారు ముందుగాలే పుస్తకం మొత్తానికి సంతకాలు ఎట్టీసినారు” అన్నాడు ముద్దాయి, సాయం చేద్దామని. “రోజూ ఎవరు ఎడతారని.”

వంద కాగితాలు. ఒక మధ్యాహ్నం, ఫ్యాను కింద, టీ తాగుతూ పెట్టాను. రిటైర్డు అనే మాటకి కూడా విడిగా స్టాంపు కొట్టాను.

అందరూ నా టోపీకేసి చూడటం మొదలెట్టారు. రెండో క్లాసు పిల్ల కూడా. బస్సు హారను కొడుతోంది, ఎవరూ కదలరు. కదలమని నేనే చెప్పాలి, నాకు మాట రాలేదు. అప్పుడు కుర్రాడు జేబులోంచి పైపు తీసి ‘క్యారీ ఆన్’ ఊదాడు. చెప్పుకోకూడదు గానీ, శుద్ధంగా ఊదాడు. మాస్టారు మంకీ క్యాపు తగిలించుకున్నారు, ట్యాంకరు స్టార్టయింది, పిల్ల పరిగెత్తింది.

ఆ రెండువందల నలభై సంగతి తర్వాత ఎలాగో తేలింది. కుర్రాడు ఉన్నాడు, పగటి షిఫ్టుకి మార్చారు. డ్యూటీ బయట జరిగిన దానికి మెమో మాత్రం ఏజెన్సీ నాకు పంపింది, 48 గంటల్లో వివరణ ఇవ్వమని. అది రాద్దామనే ఇక్కడ కూర్చున్నాను. ఇంతలో గేటు దగ్గర ఇస్త్రీ అతను కనబడ్డాడు, చేతిలో దుప్పటి, మధ్యలో కంత. లోంచి నన్నే చూస్తున్నాడు.