ఫ్లష్ ట్యాంకులో చెయ్యి

ఎండాకాలం. బోరు ఎండింది, ట్యాంకర్ల మీద బతుకుతున్నాం. హైదరాబాద్‌లో ఇది వార్త కాదు కాబట్టి ముందుకు పోదాం.

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ప్రతి ఫ్లష్ ట్యాంకులోనూ నీళ్లు నింపిన లీటరు బాటిల్ పెట్టాలన్నారు. నొక్కిన ప్రతిసారీ ఆ లీటరు మిగులుతుంది. లెక్క తప్పేం కాదు. ఆయనే ఇంటింటికీ వచ్చి, విగ్రహప్రతిష్ఠ చేసినట్టు స్వహస్తాలతో పెట్టి వెళ్లారు.

నిన్న తెల్లవారుజామున గ్రూపులో ఆయన మెసేజ్: 'రాత్రి నింపిన ట్యాంకు ఖాళీ. లీకేజీ ఎవరింట్లో ఉంటే ట్యాంకరు డబ్బులు వాళ్లవే.' పాపం ఎవరో అనుకుంటూ బాత్రూంలోకి వెళ్లాను. వాచ్‌మన్ మళ్లీ మోటారు వేసినట్టున్నాడు, కమోడ్‌లోకి చప్పుడు లేకుండా నీళ్లు జారుతున్నాయి.

మూత తీస్తే, బాటిల్ ఒరిగి బాల్‌కాక్ బంతికీ ట్యాంకు గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. బంతి లేవదు, నీళ్లు ఆగవు. బాటిల్ లాగాను. దాంతోపాటు బంతి ఉండే కడ్డీ పిన్ను కూడా ఊడొచ్చింది. కడ్డీని చేత్తో ఎత్తిపట్టుకుంటే నీళ్లు ఆగుతున్నాయి, వదిలితే బుస్సుమంటున్నాయి. కింద నీళ్లు కట్టేసే యాంగిల్ కాక్ తిప్పుదామంటే బోరు నీళ్ల ఉప్పు తెల్లగా గడ్డకట్టి అది ఇసుమంతైనా కదల్లేదు.

వంగి వంగి నడుం పట్టేసింది. చివరికి కమోడ్ మీద వెనక్కి తిరిగి, ట్యాంకును కావిలించుకుని కూర్చున్నాను. ఎడమచెయ్యి మోచేతిదాకా నీళ్లలో, చెంప టైల్స్‌కి ఆనించి. తాడు కట్టమంది మా అమ్మాయి, తలుపు అవతలి నుంచే. కట్టాలంటే రెండు చేతులు కావాలి, నువ్వు రామ్మా అంటే "ఛీ, నాన్నా" అంది. బాత్రూంలో కాఫీ తాగకూడదని మా ఆవిడ గ్లాసు గడప బయటే పెట్టింది. దాని మీద మీగడ కట్టడం ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ప్లంబర్‌కి ఫోన్ చేస్తే "ఐదు నిమిషాల్లో అక్కడుంటా సార్" అన్నాడు. అలా అన్నాడంటే మధ్యాహ్నం దాకా రాడని లెక్క.

వెంటిలేటర్‌లోంచి కిందికి చూస్తే వాచ్‌మన్ కారు కడుగుతున్నాడు. బకెట్టుతో కాదు, సంపు నుంచి లాగిన పైపుతో. కారెవరిదో చెప్పక్కర్లేదు. 2021 నుంచి నగరంలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల మంచినీళ్లు ఉచితం, కాకపోతే నల్లాకి మీటరుండాలి. ఆ మీటరు పెట్టించమని మీటింగుల్లో మొత్తుకుంటూనే ఉన్నాం. దానికి తీరిక లేదు గానీ, బాటిళ్లకి ఉంది.

సెక్రటరీ గారు రానే వచ్చారు. గడప దగ్గర నిలబడి నన్నూ, ట్యాంకునూ, బాటిల్‌నూ పరీక్షగా చూశారు.

"బాటిల్ నిలబెట్టాలండీ, పడుకోబెడితే ఎలా?"

నేను నోరు తెరిచేలోపే జేబులోంచి రసీదు బుక్కు తీశారు.

"ట్యాంకరు తాలూకు, ఇక్కడో సంతకం పెట్టండి. కుడిచెయ్యి ఖాళీయే కదా."