పెన్‌డ్రైవ్ మీద పడి ఏడవకండి

సర్వర్‌ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తున్నానంటే చాలు, "నీకేమైనా పిచ్చా?" అంటూ మీద పడిపోతారు. ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఒకచోట, డేటా ఒకచోట ఉండటంలోని సుఖం వాళ్లకు తెలియదు. ఓఎస్ చెడిపోతే దాన్నొక్కదాన్నే మళ్లీ వేసుకుంటాం, డేటా డిస్కుల జోలికే పోం. నా కోపమల్లా, "బూట్‌కేగా" అని సొరుగులో దొరికిన పెన్‌డ్రైవ్ గుచ్చేసి, ఆనక దానిచేత గొడ్డుచాకిరీ చేయించేవాళ్ల మీద.

పెన్‌డ్రైవ్ ఓఎస్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ని ర్యామ్‌లోకి ఎక్కించి పక్కకు తప్పుకోవడం వేరు, ఓఎస్ మొత్తం దాని మీదే కాపురం పెట్టడం వేరు. ఫైళ్లు దాచుకునే సర్వర్లకు వాడే అన్‌రెయిడ్ మొదటి రకం. ఓఎస్ ర్యామ్‌లో నడుస్తుంది, పెన్‌డ్రైవ్ మీద రాతలు తక్కువ, కాబట్టి త్వరగా అరిగిపోదు. ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే ప్రాక్స్‌మాక్స్ రెండోది. లాగులు, గ్రాఫులు, క్లస్టర్ కాన్ఫిగరేషన్ అంటూ రోజంతా ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్ మీద పెట్టి, అది చచ్చాక "పెన్‌డ్రైవ్ బూట్ వేస్ట్" అంటే ఎలా?

అదే పని చేసే వీఎంవేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐ సంగతే చూడండి. పాత వెర్షన్లు ర్యామ్‌లోకి ఎక్కి, సెట్టింగులు మాత్రం గంటకోసారి రాసుకునేవి. చిన్న ఎస్‌డీ కార్డు మీద కూడా ఏళ్ల తరబడి నడిచేవి. 2020లో వచ్చిన 7.0లో పార్టిషన్ల అమరిక మార్చేశారు, బూట్ డివైస్ మీద పని పెరిగింది, కార్డులు టపటపా రాలిపోయాయి. వట్టి ఎస్‌డీ, యూఎస్‌బీతో నడపొద్దని ఆనక వీఎంవేర్ వాళ్లే చెప్పారు. అంత రాత ఉన్నచోట రెండు ఎం.2 ఎస్ఎస్‌డీలు రెయిడ్ 1లో (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) పెట్టుకోండి, గొడవ వదిలిపోతుంది.

నాది పాత సర్వర్. దాని బయాస్‌కు (ఆన్ చేయగానే ముందు లేచే ప్రోగ్రాం) ఎన్‌విఎంఈ ఎస్ఎస్‌డీ అంటే ఏంటో తెలియదు. అందుకే లినక్స్‌ని లేపే గ్రబ్, కెర్నల్, మొదట్లో కావాల్సిన డ్రైవర్లుండే ఇనిట్ఆర్‌డీ, అంటే బూట్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్ మీద, మిగతా ఓఎస్ ఉండే రూట్ ఎన్‌విఎంఈ మీద. కెర్నల్ లేచిందంటే ఎన్‌విఎంఈ దానికి కనిపిస్తుంది. ఒకసారి పెన్‌డ్రైవ్ మార్చి, ఏ డిస్కును ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (మౌంట్ చేయాలో) రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) మార్చడం మర్చిపోయాను. డిస్కు దొరక్కపోయినా ముందుకెళ్లమనే నోఫెయిల్ పెట్టి ఉంది కాబట్టి మౌంట్ కాకపోయినా కిక్కురుమనలేదు. అప్‌డేట్ వచ్చింది. కొత్త కెర్నల్ పోయి రూట్‌లోని ఖాళీ బూట్ ఫోల్డర్‌లో పడింది, పాత కెర్నల్ మాడ్యూళ్లు (డ్రైవర్లు) తుడిచిపెట్టుకుపోయాయి. రీబూట్ కొడితే పెన్‌డ్రైవ్‌లోని పాత కెర్నలే లేచింది. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ లేదు, పింగ్ లేదు. టెన్షన్‌తో మానిటర్ తగిలించి చూస్తే లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునేది) ఒక్కటే ఉంది, డ్రైవర్ పోయిన నెట్‌వర్క్ కార్డు ఊసే లేదు. పెన్‌డ్రైవ్ మాత్రం నిక్షేపంగా ఉంది. తప్పు నాది.

ఆ రోజు నోఫెయిల్ పీకేశాను. పెన్‌డ్రైవ్‌కి డీడీ కమాండ్‌తో అచ్చుగుద్దినట్టు నకలు తీసి, సర్వర్ మూత లోపలి వైపు టేపుతో అంటించాను. పోర్టులో మాత్రం గుచ్చి ఉంచను. రెండింటికీ యూయూఐడీ ఒకటే, ఏది మౌంట్ అవుతుందో ఆ దేవుడికే తెలియాలి.