రిబ్బన్లు సరే, విమానాలేవి?

క్యాడెట్ల తొలి దశ శిక్షణకు ఉద్దేశించిన హెచ్‌టీటీ-40 విమానాల రెండో ఉత్పత్తి కేంద్రాన్ని 2025 అక్టోబర్ 17న నాసిక్‌లో రక్షణ మంత్రి ప్రారంభించారు. అప్పటికి మొదటి కేంద్రం నుంచి వాయుసేనకు ఒక్క విమానమూ అందలేదు. సెప్టెంబర్‌లో అందాల్సిన తొలి విమానం, ఈ వేడుక ముగిసిన వారానికి, అక్టోబర్ 24న బెంగళూరులో మొదటిసారి నేల వదిలింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. తయారీ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) గడువు తప్పడం మనకు కొత్త కాదు. గడువు తప్పిన ప్రతిసారీ "ఉన్నదానితో కానివ్వండి" అని వాయుసేన శిక్షణ విభాగానికి చెప్పడం, అది చివరకు ఒక పద్ధతిగా స్థిరపడిపోవడం అసలు ప్రమాదం.

ఆ పద్ధతికి ఎంత ఖర్చయిందో దుండిగల్ అకాడమీ చుట్టుపక్కల పొలాలకు తెలుసు. తొలి దశ శిక్షణకు పాతికేళ్లు వాడిన హెచ్‌పీటీ-32 దీపక్‌లో ఒకటే పిస్టన్ ఇంజన్, 260 హార్స్‌పవర్. ఆపదలో పైలట్‌ను బయటికి విసిరి కాపాడే ఎజెక్షన్ సీటు లేదు. గాలిలో ఇంజన్ ఆగిపోతుందన్న ఫిర్యాదు ఆ విమానం జీవితమంతా వెంటాడింది. తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగితే పైలట్‌కు మిగిలేది దగ్గర్లో కనిపించిన చదును నేల మాత్రమే. 17 ప్రమాదాలు, 19 మంది మృతి. ఆఖరికి 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాకే దాన్ని నేలకు దించారు. ప్రత్యామ్నాయం ఆనాటికి సిద్ధంగా లేదు. ఎందుకు లేదని ఎవరినీ నిలదీసిందీ లేదు.

అప్పుడు చేసిన సర్దుబాటు ఏమిటి? రెండో దశకు ఉద్దేశించిన కిరణ్ జెట్‌ను తెచ్చి, అసలు ఎగరడమే తెలియని క్యాడెట్ చేతికిచ్చారు. పాతకాలపు జెట్ ఇంజన్, దాని బలం పెంచే మీట థ్రాటిల్‌ను నెట్టగానే పూర్తి బలం ఇవ్వదు, పుంజుకోవడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది. రన్‌వే ముందు ఎత్తు తగ్గిపోయిందని ఆలస్యంగా గుర్తించే కొత్తవాడికి ఆ క్షణాలే కరువు. పైగా ఏ విమానం దేహానికైనా ఇన్ని గంటలని ఒక ఆయుష్షు ఉంటుంది. తొలి దశలో కరిగిన ప్రతి గంటా రెండో దశ ఖాతాలోంచి పోయినట్టే. విమానాల కొరత ఎంత దూరం పోయిందంటే, 2011 ఫిబ్రవరిలో బీదర్‌లోని సూర్యకిరణ్ విన్యాసాల బృందాన్నే ఆపేసి, దాని కిరణ్ మార్క్-2 విమానాలను శిక్షణకు మళ్లించారు. ఆ బృందం హాక్ విమానాలతో మళ్లీ కనిపించింది 2015లో.

అంతకుముందు కథా ఇదే. కిరణ్‌కూ మిగ్-21కూ మధ్య అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలన్న మాట 1980ల తొలినాళ్ల నుంచి ఫైళ్లలో ఉంది. ఆ అవసరానికి 66 హాక్‌ల ఒప్పందం కుదిరింది 2004 మార్చిలో. అవి బీదర్ చేరింది 2008 ఫిబ్రవరిలో. ఆ రెండు దశాబ్దాలూ కుర్రపైలట్లు నింపాదైన ట్రైనర్ దిగి, గంటకు 300 కిలోమీటర్లు మించిన వేగంతో నేలకు దిగే మిగ్-21 ఎక్కారు. ఎవరి అలసత్వానికి ఎవరు మూల్యం చెల్లించారో విడమరచి చెప్పాలా?

దీపక్‌కు బదులు 75 పిలాటస్ పీసీ-7 మార్క్-2 విమానాలకు 2012 మేలో ఒప్పందం జరిగింది. మరుసటి ఏడాది మే 31న అవి దుండిగల్‌లో కొలువులో చేరాయి. ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బోప్రాప్ ఇంజన్, ముందు క్యాడెట్, వెనక ఇన్‌స్ట్రక్టర్, ఇద్దరికీ ఎజెక్షన్ సీట్లు. శిక్షణ ఊపిరి పీల్చుకుంది. మరో 38 తీసుకోవడానికి 2015లో రక్షణ కొనుగోళ్ల మండలి సరేనంది. తర్వాత అవినీతి ఆరోపణలు, సీబీఐ కేసు, 2019లో పిలాటస్ సంస్థతో లావాదేవీల నిలిపివేత. 38 రాలేదు. వాటి స్థానంలో రావలసిన స్వదేశీ హెచ్‌టీటీ-40 కూడా రాలేదు. మళ్లీ అదే ఆజ్ఞ: ఉన్నదానితో కానివ్వండి.

ఉన్నది ఎలా ఉందో కాగ్ 2024 డిసెంబర్‌లో పార్లమెంటు ముందు పెట్టింది. అకాడమీలోని 64 పిలాటస్‌లలో 16 విమానాల్లో ఇంజన్ ఆయిల్ కారింది. 2013 నుంచి 2021 వరకు ఇలాంటివి 38 ఘటనలు. ఇదేదో స్కూటర్ కింద పడే నూనె మరక అనుకునేవారికి ఒక మాట. ఈ ఇంజన్‌లో బేరింగులను కాపాడేదీ, ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని పట్టి ఉంచేదీ అదే ఆయిల్. దాని ఒత్తిడి పడిపోతే స్ప్రింగు, ఎదురు బరువులు కలిసి రెక్కలను గాలికి అంచుగా తిప్పేస్తాయి. ఇంజన్ తిరుగుతూనే ఉన్నా విమానాన్ని లాగే శక్తి పోతుంది. ఉన్నది ఒకటే ఇంజన్. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ మరణించారు. 2025 నవంబర్ 14న చెన్నై శివార్లలో మరొకటి కూలింది. పైలట్ ఎజెక్ట్ అయి బతికాడు. ఈ రెండింటికీ ఆయిలే కారణమని మేం అనడం లేదు. తగ్గిపోతున్న విమానాల మీదే మొత్తం భారం మోపుతున్నారని అంటున్నాం. అదే కాగ్ నివేదిక ప్రకారం 2015 ఫిబ్రవరిలో 486గా ఉన్న పైలట్ల కొరత 2021 చివరికి 596కు పెరిగింది. ఏటా 222 మందిని శిక్షణకు తీసుకోవాలన్న లక్ష్యం కాగితం దాటలేదు.

హెచ్‌ఏఎల్ వాదన ఉంది: ఇంజన్లు అమెరికా నుంచి రావడం ఆలస్యమైంది, స్వదేశీ రూపకల్పనకు సమయం పడుతుంది, అన్ని పరీక్షలూ పూర్తి కాకుండా క్యాడెట్లను ఎక్కించలేం. చివరి మాట నూటికి నూరుపాళ్లూ నిజం. స్వదేశీ సాకును మాత్రం ఒప్పుకోలేం. కిరణ్ కూడా ఇక్కడే రూపుదిద్దుకుంది. 1964లో మొదటిసారి ఎగిరి 1968 కల్లా వాయుసేన చేతికొచ్చింది. నాలుగేళ్లు! హెచ్‌టీటీ-40 మొదటి నమూనా ఎగిరింది 2016 మే 31న. స్లైడ్ రూళ్లతో లెక్కలు వేసిన తరం నాలుగేళ్లలో చేసిన పనికి కంప్యూటర్ల కాలంలో తొమ్మిదేళ్లు దాటినా చాలలేదు.

పరీక్షల విషయం కాస్త వివరంగా చెప్పుకోవాలి. తొలి దశ విమానానికి అన్నిటికంటే ముఖ్యం స్పిన్‌లోంచి నమ్మకంగా బయటపడటం. ముక్కు ఎక్కువ ఎత్తి వేగం పోగొట్టుకుంటే రెక్కలు గాలి మీద పట్టు వదిలేస్తాయి, అది స్టాల్. ఆ సమయంలో విమానం పక్కకు జారితే ఒక రెక్క ముందుగా కుంగి, విమానం బొంగరంలా తిరుగుతూ పడుతుంది, అది స్పిన్. క్యాడెట్‌కు నేర్పే క్రమం ఇది: థ్రాటిల్ మూసి, రెక్కల చివర కదిలే పలకలైన ఏలరాన్లను మధ్యకు తేవాలి. ఎటు తిరుగుతోందో చూసి తోక మీది నిలువు పలక రడ్డర్‌ను ఎదురు దిశకు తిప్పే పెడల్ పూర్తిగా తొక్కాలి. ఒక్క క్షణం ఆగి, ముక్కును ఎత్తే, దించే కర్ర స్టిక్‌ను ముందుకు నెట్టాలి. తిరగడం ఆగగానే రడ్డర్ మధ్యకు తెచ్చి, డైవ్‌లోంచి మెల్లగా పైకి లాగాలి. భయంతో స్టిక్ వెనక్కి లాగితే స్టాల్ వీడదు. రడ్డర్ తొక్కి పట్టే ఉంచితే ఎదురు దిశలో మరో స్పిన్ మొదలవుతుంది. సిమ్యులేటర్‌లో దీని వరస నేర్పవచ్చు, కడుపులో తిప్పే ఆ భయాన్ని మాత్రం గాలిలోనే జయించాలి.

హెచ్‌టీటీ-40 ఆరు చుట్ల స్పిన్ పరీక్ష నెగ్గింది. చాలా సంతోషం. రెండో దశలో కిరణ్‌ను మార్చాల్సిన హెచ్‌జేటీ-36 సితార మాత్రం 2003 మార్చి 7న తొలిసారి ఎగిరి, ఇదే స్పిన్ దగ్గర ఏళ్లకు ఏళ్లు ఇరుక్కుపోయింది. 2025 ఫిబ్రవరిలో దానికి 'యశస్' అని పేరు మార్చారు. విమానం ఇవ్వలేనివారు కొత్త పేరైనా ఇచ్చారు.

ఇక లెక్క చూద్దాం. తొలి దశకు వాయుసేన అవసరం 181 విమానాలని ప్రభుత్వమే తేల్చింది. పిలాటస్‌లు 75, కూలినవి తీసేయాలి. 2023 మార్చిలో సుమారు 6,800 కోట్ల రూపాయలతో ఆరేళ్లలో ఇస్తామన్న హెచ్‌టీటీ-40లు 70. అన్నీ వచ్చినా 145 దాటవు. మిగతా 36, హెచ్‌టీటీ-40లు వాయుసేన సేవలోకి వచ్చాకే అన్నారు. మొదటి విమానమే ఆలస్యమైతే ఆ 36 ఏ దశాబ్దానికి? ఇంజన్ల ఒప్పందం అమెరికా సంస్థ హనీవెల్‌తో 2022 జులైలోనే జరిగింది, 88 ఇంజన్లకు. మూడేళ్లలో అవి రాకపోవచ్చన్న అనుమానం ఎవరికీ కలగలేదా? కలిగితే రెండో దారి ఎందుకు వెతకలేదు?

గడువు తప్పిన ప్రతి ఒప్పందానికీ శిక్షణ విభాగం సర్దుకుపోతుందన్న ధీమాయే వీరిని ఇలా తయారు చేసింది. 2009లో సర్దుకుంది, 2011లో సర్దుకుంది, 2015 తర్వాతా సర్దుకుంది. కనుక ఇప్పుడూ సర్దుకుంటుందని లెక్క వేస్తున్నారు. ఇప్పటివరకు ఎన్ని ఇంజన్లు చేరాయి, నెలకు ఎన్ని విమానాలు దుండిగల్‌లో దిగుతాయి, చివరి కిరణ్ ఏ తేదీన హ్యాంగర్ చేరుతుంది, ఆ తేదీ తప్పితే జవాబు చెప్పేది ఎవరు — ఈ నాలుగూ రక్షణ శాఖ పార్లమెంటులో లిఖితపూర్వకంగా చెప్పాలి. అది చెప్పేదాకా మరో రిబ్బను కత్తిరించడానికి ఎవరూ బయలుదేరకండి.